జీతం పెంచమంటే తవుడిచ్చారు

మా వీధి చివరి ఇంటి కుర్రవాడు బెంగళూరులో ఏదో కంపెనీలో పనిచేస్తున్నాడు. మొన్న సెలవుకు వచ్చినప్పుడు నా పక్కన కూర్చుని, "తాతా, జీతం జర తక్కువ తీసుకుంటే దానికి బదులు కంపెనీల వాటా ఇస్తమంటున్నరు. ఏది తీసుకోమంటవు?" అని అడిగాడు. నేను వయసంతా వరి మిల్లుల్లో, ఇంజన్ల మోత మధ్య గడిపినవాణ్ణి. కంపెనీ వాటా కాగితం ఎట్లా ఉంటుందో కంటితో చూడలేదు. అయితే జీతానికి బదులు వాటా తీసుకున్న అనుభవం మాత్రం నాకుంది. నా వాటా గోనె సంచుల్లో ఉండేది. దాని పేరు తవుడు. ఆ రోజు ఆ అబ్బాయికి చెప్పిన సంగతే, కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మీకోసం ఇంకొంచెం వివరంగా రాస్తున్నాను.

తుంగభద్ర కాలువ నీళ్ళు రాయచూరు జిల్లాలో పోతనాళ చుట్టుపక్కలకు పారిన తర్వాత, అంతవరకు జొన్న, పత్తి తప్ప మరొకటి ఎరగని నల్లరేగడి పొలాల్లో వరి పండడం మొదలైంది. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతులు కాలువ పక్కనే క్యాంపులు వేసుకుని మడులు కట్టారు. మా సావుకారు వాళ్ళలో ఒకరు. అక్కడి పొలం అమ్ముకుని వచ్చి ఇక్కడ భూమి కొన్నారు. వడ్లు ఆడించుకోవడానికి రైతులంతా బండ్లు కట్టుకుని దూరాలు పోవడం చూసి, ఆ భూమిలో కొంత అమ్మి డీజిల్ ఇంజనుతో మిల్లు పెట్టారు. ధైర్యం ఉన్న మనిషి. గొంతు పెద్దది, మనసు మెత్తన. చేతిలో పైసలు మాత్రం నిలిచేవి కావు. వచ్చిన ప్రతి రూపాయీ ఏదో ఒక కొత్త యంత్రం వైపు పరిగెత్తేది.

నాది రాయచూరుకు తూర్పున, పాలమూరు సరిహద్దు దగ్గరి పల్లె. రాయచూరులో ఒక పత్తి మిల్లులో ఇంజను పని నేర్చుకుని, ఈ మిల్లులో డ్రైవరుగా చేరాను. వరి మిల్లులో యంత్రాలు నడిపేవాణ్ణి డ్రైవరు అంటారు. ఆ సంగతి తెలియక కొత్తవాళ్ళు "నీది ఏ రూటు బస్సు?" అని అడిగేవారు. మొదట్లో వివరంగా చెప్పేవాణ్ణి. తర్వాత తర్వాత "మస్కి రూటు" అని ఊరుకునేవాణ్ణి.

మిల్లులో మాటకు విలువున్నవాళ్ళు నేను కాక మరిద్దరు. ఒకరు హమాలీ మేస్త్రి. బస్తాలు మోసే గుంపుకు పెద్ద. భుజాలు ఎడ్ల మూపురాల్లా ఉండేవి. సగం తెలుగు, సగం ఉర్దూ మాట్లాడేవాడు. ఏ పనిలోనైనా లాభం ఎక్కడుందో వెతికేవాడు, దొరికినా దొరకకపోయినా సంతోషంగానే ఉండేవాడు. రెండో మనిషిని అందరం అక్క అనేవాళ్ళం. గచ్చు మీద వడ్లు ఆరబెట్టే ఆడవాళ్ళకు ఆమె ముందు నిలిచేది. భర్త పోయాక ముగ్గురు పిల్లల్ని పెంచుకుంటూ వచ్చింది. ఆమె నవ్వితే గచ్చంతా నవ్వేది, ఆమె కొంగు బిగిస్తే సావుకారు కూడా గొంతు తగ్గించేవారు.

మొదట్లో మా మిల్లులో పాతరకం హల్లరు ఉండేది. అందులో ఊక, తవుడు కలిసిపోయి ఒకే పొడిగా వచ్చేవి. దాన్ని గొడ్లు కూడా వేరే గతి లేకపోతేనే తినేవి. తర్వాత సావుకారు అప్పు చేసి షెల్లరు తెప్పించారు. అది వచ్చాక ఊక ఒక దారిన, బియ్యం ఒక దారిన, తవుడు ఒక దారిన రావడం మొదలైంది. ఆ యంత్రాన్ని బిగించడంలో నా చెయ్యి కూడా ఉంది. మొదటిసారి, బియ్యం పైపొర అరగదీసే పాలీషు యంత్రం కింద పడిన తవుడును దోసిట్లోకి తీసుకున్నాను. లేత గోధుమ రంగులో, వెచ్చగా, పిండిలా మెత్తగా ఉంది. వేయించిన గింజలాంటి వాసన. ఇంత మంచి సరుకును మూలన పోసి పురుగు పట్టించడానికి నాకు మనసొప్పేది కాదు. కానీ దాన్ని అడిగేవాళ్ళు లేరు. చుట్టుపక్కల బర్రెలు కాలువ గట్ల మీద పచ్చగడ్డి మేసి కడుపు నింపుకునేవి. తవుడు గుట్టలు పెరిగి, వాటిని తీసి పారపోయడానికి సావుకారే ఎదురు కూలి ఇచ్చేవారు.

కొత్త యంత్రంతో పని రెట్టింపైంది. జీతాలు మాత్రం పాతవే. దసరాకు ముందు మేము ముగ్గురం సావుకారు దగ్గరికి పోయి జీతాలు పెంచమని అడిగాం.

ఆయన నెత్తిమీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నారు. "మీరు అడిగింది న్యాయమే. కాదన్ను. కానీ యంత్రం బాకీ తీరేదాకా నా చేతులు కట్టేసినట్టే ఉన్నాయి. ఆయుధపూజ నాడు ఏదో ఒకటి చెప్తాను," అన్నారు.

ఆయుధపూజ నాడు ఇంజనుకు పసుపు, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టాక అందరినీ షెడ్డులోకి పిలిచారు. "కూలి కొంచెం పెంచుతాను. మీరడిగినంత కాదు, నా వల్ల అయినంత. అది తీసుకున్నా సరే. అది వద్దనుకున్నవాళ్ళకి మిల్లులో వచ్చే తవుడంతా ఇచ్చేస్తాను. మీరే అమ్ముకోండి, మీరే పంచుకోండి. అందులో నేను వేలు కూడా పెట్టను," అన్నారు.

"ఎన్ని దినాల మాట సావుకారూ?" అని మేస్త్రి అడిగాడు.

"మిల్లు ఉన్నన్నాళ్ళూ," అని ఆయన నవ్వారు. పారపోయడానికి కూలి తప్పిందన్న నవ్వు అది. అందులో మోసం లేదు. అప్పుడు తవుడంటే అంతే.

మధ్యాహ్నం సద్దులు విప్పుకుని అందరం దాని గురించే మాట్లాడుకున్నాం. అక్క మొదటే తేల్చేసింది. "నాకు పైసలే కావాలె. సంతల తవుడు చూపిస్తే ఉప్పు గిట్ల ఇస్తరా? పోరగాండ్లు ఆకలైతందంటే, ఆగు, తవుడు ధర పెరగనీ అంటనా?" ఆడవాళ్ళందరూ ఆమె వైపే.

మేస్త్రికి ఇంట్లో రెండు బర్రెలున్నాయి. "ఏమీ లేకున్నా నా బర్రెలు తింటయి. ఫాయిదా వస్తే వచ్చె, లేకుంటె పాలొచ్చె," అన్నాడు. అతని గుంపు అతని వెంట పోయింది.

మిగిలింది నేను. రేపు తవుడుకు ధర వస్తుందని నేను ముందే కనిపెట్టానని తర్వాత చాలామంది అన్నారు. అది అబద్ధం. నేను బిగించిన యంత్రంలో నుంచి వచ్చిన అంత శుభ్రమైన సరుకు ఎందుకూ పనికిరాదంటే నా మనసు ఒప్పుకోలేదు, అంతే. బిడ్డను ఎవరో పనికిమాలినవాడు అన్నట్టుండేది. ఆ పౌరుషంతో తవుడు వైపు చెయ్యెత్తాను.

ఇంటికి పోయి చెప్తే నా భార్య కాసేపు నన్నే చూసింది. "అందరు జీతం పెంచుకోని వచ్చిన్రు. నువ్వు బర్రెల దాణా తెచ్చినవు. మన ఇంట్ల బర్రె ఎక్కడుంది?" అని అడిగింది. ఆ సాయంత్రం రొట్టె తప్ప కూర వడ్డించలేదు.

మొదటి సంవత్సరం మాకు నవ్వుల సంవత్సరం. అంటే మిల్లు అంతా మమ్మల్ని చూసి నవ్విన సంవత్సరం. మస్కి సంతకు బండి మీద తవుడు తోలాం. పొద్దంతా ఎండలో నిలబడితే కొద్దిగా అమ్ముడుపోయింది. మిగిలింది వెనక్కి తెచ్చాం. గబ్బూరు దిక్కు పశువులెక్కువని ఎవరో చెబితే అక్కడికీ తోలాం. అక్కడి రైతులు మర్యాదగా మజ్జిగ ఇచ్చారు, తవుడు మాత్రం కొనలేదు. వానాకాలం వచ్చేసరికి షెడ్డులో గుట్ట వేడెక్కి, చేదెక్కి, ముద్దకట్టింది. మేస్త్రి బర్రెలు దాన్ని వాసన చూసి మొహం తిప్పుకున్నాయి. మిల్లులో చోటు చాలక కొన్ని సంచులు మా ఇంట్లో పెట్టాను. ఇల్లంతా ఆ వాసనే. పురుగులు గోడలెక్కి నా భార్య కుంకుమ భరిణె దాకా పోయాయి.

సంతనాడు ఆడవాళ్ళు పెరిగిన కూలితో బెల్లం, గాజులు కొనుక్కుని, మా ముందునుంచే చప్పుడు చేసుకుంటూ పోయేవారు. అక్క ఆగి అడిగేది. "ఏం తమ్మీ, ఇయ్యాల మా మరదలు తవుడు రొట్టెలు చేసిందా?"

"చేసింది అక్కా. నీకు గూడ ఉంచింది," అనేవాణ్ణి.

నవ్వులు అట్లా ఉంటే, నాలో ఒక మార్పు వచ్చింది. నేను ముందే గమనించలేదు, సావుకారు గమనించారు. ఇంతకుముందు జల్లెడ చిరిగితే సాయంత్రం చూద్దాంలే అనుకునేవాణ్ణి. ఇప్పుడు చిరిగిన జల్లెడ నుంచి నూకలు తవుడులో కలిస్తే నా సరుకు పాడైనట్టు బాధపడేవాణ్ణి. వెంటనే మిల్లు ఆపి మార్చేవాణ్ణి. దానివల్ల నూక తగ్గి బియ్యం బాగా దిగేది. సావుకారు నా భుజం తట్టి, "ఈ ఏడు మిల్లు బంగారంలా ఆడుతోందయ్యా," అన్నారు. తవుడు మాకు పైసా తేలేదు కానీ, సావుకారుకు మాత్రం లాభం తెచ్చింది. వాటాలో ఇట్లాంటి తమాషా ఉందని అప్పుడే తెలిసింది.

మళ్ళీ దసరా అయ్యాక, వడ్ల బండ్లు వరసగా వస్తున్న రోజుల్లో, ఒకాయన మోటారు సైకిలు మీద వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, కాళ్ళకు మాత్రం దుమ్ము. రాయచూరులో తవుడు నుంచి నూనె తీసే కార్ఖానా పెట్టారట, దానికి సరుకు కొనడానికి తిరుగుతున్నాడట. పాలీషు కింద పడుతున్న తవుడును అరచేతిలో వేసి రుద్దాడు, వాసన చూశాడు, నాలుక మీద వేసుకున్నాడు. "ఊక కలవలేదు. ఎవరు నడుపుతరు ఈ యంత్రం?" అని అడిగాడు. నేను ముందుకు వచ్చాను. ఇన్నాళ్ళకు నా బిడ్డను ఒకరు మెచ్చుకున్నట్టయింది.

అతను షరతులు చెప్పాడు. తవుడు నిలవ ఉంటే నూనె చెడుతుంది. పట్టిన తవుడు పట్టినట్టే సంచులకెత్తాలి, ఎప్పటికప్పుడు లారీ వస్తుంది. తర్వాత ధర చెప్పాడు. సావుకారు కుర్చీలోంచి ముందుకు వంగారు. "బావుంది, బావుంది. కూర్చోండి, టీ తాగి మాట్లాడుకుందాం," అన్నారు.

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "సావుకారూ, తవుడు మాది గదా."

సావుకారు మేస్త్రిని చూశారు, నన్ను చూశారు, గోడకున్న ఆయుధపూజ పసుపు మరకను చూశారు. తర్వాత పెద్దగా నవ్వేశారు. "అవునయ్యా, మీదే. నేనే మర్చిపోయా. టీ మాత్రం నాదే," అన్నారు.

నవ్వారు గానీ, ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. మొదటి లారీ పోయి పైసలు మా చేతికొచ్చాక మరుసటి వారం నన్ను పక్కకు పిలిచారు. "డ్రైవరూ, మీకు మంచి జీతం ఇస్తాను. ఇదివరకు అడిగినదానికంటే ఎక్కువ. తవుడు నాకు వదిలెయ్యండి. మిల్లు బాకీ ఇంకా ఉందని నీకు తెలుసు కదా," అన్నారు. ఆయన మాటలో బెదిరింపు లేదు. అందుకే కాదనడం కష్టమైంది. ఇంటికి పోయి చెప్పాను. నా భార్య పొయ్యి దగ్గరినుంచి లేచి వచ్చింది.

"సంవత్సరమంత ఆ వాసన భరించిన. పురుగులేరిన. పక్కింటోళ్లు నవ్వితే విన్న. ఇప్పుడు ఇడుస్తవా? ఇడిస్తే నువ్వు మిల్లులనే పండుకో," అంది. ఒకప్పుడు తవుడు తెచ్చినందుకు కూర పెట్టని మనిషే ఇప్పుడు తవుడు పోతుందంటే ఇల్లు వదలమంటోంది. సావుకారుకు మా నిర్ణయం చెప్పాను. ఆయన బలవంతం చెయ్యలేదు. ఇచ్చిన మాట ఇచ్చినట్టే ఉంచారు. కానీ పాలీషు పక్కన ఒక స్టూలు వేయించుకుని రోజూ అక్కడ కూర్చోవడం మొదలుపెట్టారు.

ఎందుకో మీకు చెప్పాలి. పాలీషు కొంచెం ఎక్కువ బిగిస్తే బియ్యం ఇంకా అరిగి తవుడు ఎక్కువ పడుతుంది. బియ్యం సావుకారుది, తవుడు మాది. బిగించే చెయ్యి నాది. మేస్త్రి ఈ మాట నా చెవిలో వెయ్యనే వేశాడు. "జర బిగించు తమ్మీ. ఎవరికి మాలూమైతది?" నేను ఒప్పుకోలేదు. బియ్యం విరిగితే పేరు పోయేది నాదే. అయినా సావుకారు స్టూలు మీద కూర్చుని పాలీషునూ నన్నూ మార్చి మార్చి చూస్తుంటే, చెయ్యని తప్పుకు సంజాయిషీ ఇస్తున్నట్టు ప్రతి బిగింపూ ఆయనకు చూపించి చేసేవాణ్ణి. పండుగనాడు ఇచ్చిన ఒక మంచిమాట మా ఇద్దరి మధ్య స్టూలు వేసుకుని కూర్చుంది.

అక్కడితో ఆగలేదు. ఒక రోజు అక్క గచ్చు మీదనుంచి నన్ను కేకేసింది. ముఖాన నవ్వు లేదు.

"తమ్మీ, నేను పైసలే కావాలన్న. ఆ మాట మీద ఉన్న. నాకేం ఈర్ష్య లేదు. కాని ఒక్కటి చెప్పు. తవుడు మంచిగ రావాలంటె వడ్లు మంచిగ ఆరాలె గదా?"

"హౌదు అక్కా," అని ఒప్పుకున్నాను.

"ఎండల నిలబడి ఆరబెట్టేదెవరు?"

నేను గచ్చు మీది ఆడవాళ్ళ వైపు చూశాను. ఆమే అంది, "మేము కూలి తీసుకున్నది పని తక్కువ చేస్తమని కాదు. పొయ్యి రోజూ ముట్టియ్యాలె గనక తీసుకున్నం. ఆగుకోని చూసే బలం మీకున్నది, మాకు లేకుండె. గంతే ఫరక్."

ఆ మాట నన్ను చాలా రోజులు పట్టుకుంది. నా భార్య ఇంటి ముందు చిన్న కొట్టు నడిపేది. అందుకే ఆ సంవత్సరం మా ఇంట్లో రొట్టెకు లోటు రాలేదు. మేస్త్రికి బర్రెల పాలున్నాయి. వాటా తీసుకోవడానికి మాకు తెలివి కంటే ఈ ఆధారమే పనికొచ్చిందని అప్పటిదాకా నాకు తోచలేదు.

తర్వాత ఎండాకాలపు పంట వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం గచ్చు నిండా సావుకారు వడ్లు ఆరబోసి ఉన్నాయి. షెడ్డులో చోటు లేక మా తవుడు సంచులు గేటు పక్కన ఆరుబయట పేర్చి, లారీ కోసం చూస్తున్నాం. ఇంజను నడుస్తోంది. ఉన్నట్టుండి వెలుతురు తగ్గింది. బయటికి చూస్తే పడమట ఆకాశం నల్లబడి, దుమ్ము గోడలా లేచి వస్తోంది. గాలివాన.

మామూలుగా ఇట్లాంటప్పుడు ఆడవాళ్ళు వడ్లు కుప్ప చేస్తుంటే, హమాలీలు పరిగెత్తుకొచ్చి తాడ్‌పత్రి కప్పేవారు. తాడ్‌పత్రి అంటే మైనం పట్టించిన పెద్ద గుడ్డ. నలుగురైదుగురు మగవాళ్ళు లాగితే తప్ప కదలదు. ఆ రోజు ఆడవాళ్ళు కుప్ప చేస్తున్నారు గానీ, హమాలీలు ఒక్కరూ అటు పోలేదు. అందరూ గేటు దగ్గర తవుడు సంచుల మీద పడ్డారు. మేస్త్రి ఇంకో అడుగు ముందుకు వేసి, వడ్ల కోసం మడిచిపెట్టిన తాడ్‌పత్రినే సంచుల వైపు లాగడం మొదలుపెట్టాడు.

అక్క రెండో కొస పట్టుకుంది.

నేను ఇంజను ఆపి బయటికి వచ్చేసరికి ఆ ఇద్దరూ తాడ్‌పత్రి చెరో వైపు పట్టుకుని గుంజుతున్నారు. గాలికి అక్క కొంగు జెండాలా ఎగురుతోంది. మొదటి చినుకులు రాళ్ళలా పడుతున్నాయి. సావుకారు ఇంట్లోంచి చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చి అక్క వెనక పట్టుకున్నారు.

"నా వడ్లు నానిపోతుంటే మీరు తవుడు మోసుకుంటారేంటయ్యా," అని అరుస్తున్నారు.

"మా తవుడు నానితే ఎవరిస్తరు సావుకారూ?" అని మేస్త్రి ఇటునుంచి గుంజుతున్నాడు.

నాకు ఆ క్షణంలో గొప్ప ఆలోచనలేమీ రాలేదు. గచ్చు మీద ఆడవాళ్ళు ఒంటరిగా, పారలతో, చీపుర్లతో, ఆఖరికి చేతులతో వడ్లు దగ్గరికి తోస్తున్నారు. ఒక ముసలామె కాలు జారి పడి లేచి మళ్ళీ తోస్తోంది. ఆ వడ్లలో వాళ్ళకు గింజ కూడా రాదు. అది చూశాక నా కాళ్ళు వాటంతటవే మేస్త్రి వైపు నడిచాయి.

"ఇడువన్నా," అన్నాను.

"అండ్ల నీది గూడ ఉంది గదా."

"ఉంది. ఇడువు."

మేస్త్రి నా మొహం చూశాడు. గచ్చు వైపు చూశాడు. చేతులు వదిలేశాడు. వదిలిన జోరుకు అవతల సావుకారు వెల్లకిలా వడ్ల కుప్పలో పడ్డారు. ఆయన మీద అక్క పడింది. ఆ వానలో, ఆ గాలిలో, ఒక్క నిమిషం అందరం పని మర్చిపోయి నవ్వాం. తర్వాత మేస్త్రి ఈల వేశాడు. హమాలీలందరూ సంచులు వదిలి గచ్చు మీదికి వచ్చారు. తాడ్‌పత్రి కప్పి, చుట్టూ బస్తాలు పెట్టి, అంచుల మీద మేమే కూర్చున్నాం. వడ్లు దక్కాయి.

వాన వెలిసినాక లారీ వచ్చింది. కొనుగోలు మనిషి ఒక సంచిలో చెయ్యి పెట్టాడు. చేతికి ముద్ద అంటుకుంది. దులుపుకుని, ఖాళీ లారీ ఎక్కి వెళ్ళిపోయాడు.

అందరం తడిసిన బట్టలతో షెడ్డులో కూర్చున్నాం. సావుకారు ఇంటినుంచి టీ తెప్పించారు. గ్లాసులు అందరికీ అందాక మేస్త్రి వైపు తిరిగారు. "నా వడ్లు దక్కినాయి. మీ తవుడు పోయింది. ఆ సంగతి నాకు తెలుసయ్యా," అన్నారు.

అప్పుడు అక్క గ్లాసు కింద పెట్టింది. "ఒక మాట చెప్త, కోపం చేసుకోవద్దు. వాటా తీసుకున్నోళ్లు వాళ్ల సంచుల దిక్కు ఉరికిన్రు. కూలి తీసుకున్నోళ్లం మీ వడ్లు కాపాడినం. రేపు మేం గూడ వాటా తీసుకుంటె, మీ వడ్ల దిక్కు ఎవరొస్తరు?"

"అయితే ఈ వాటా గొడవే తీసేద్దామంటావా?"

"తీసెయ్యమని నేనన్లె. అందరికి ఉండాలె. వీళ్లకు, మాకు, మీకు గూడ. మీకు వాటా లేకనే పాలీషు కాడ స్టూలు వేసుకోని కూసుంటున్నరు."

మేస్త్రి టీ గొంతులో పడి దగ్గాడు. సావుకారు చెవులు ఎర్రబడ్డాయి. కాసేపటికి ఆయనే నవ్వారు. "సరే, ఎట్లా పంచమంటావో నువ్వే చెప్పు," అన్నారు.

అక్క చెప్పింది, మేస్త్రి పేచీ పెట్టాడు, నేను మధ్యలో సర్దాను, సావుకారు రెండుసార్లు లేచిపోయి రెండుసార్లు తిరిగొచ్చారు. చివరికి తేలింది ఇది. కూలి కూలే. పెరిగిన కూలి మేస్త్రికి, నాకు, అందరికీ ఒకటే పద్ధతిలో వారం వారం ఇవ్వాలి. తవుడు మీద వచ్చింది విడిగా ఉంచి దసరాకు పంచాలి. అందులో సావుకారుకు ఒక భాగం, పనివాళ్ళందరికీ రెండు భాగాలు. గచ్చు మీద పని చేసేవాళ్ళకు హమాలీలతో సమానం. "నుక్సాన్ అయింది మాకు," అని మేస్త్రి గొణిగాడు. నిజమే, మా ఇద్దరికీ వాటా తగ్గింది. ఇంట్లో ఈ మాట ఎట్లా చెప్పాలా అని నేను భయపడ్డాను. నా భార్య అంతా విని, "అక్కకు గూడ వస్తదా? అట్లయితే మంచిదే. ఇంక ఆమె నన్ను తవుడు రొట్టెల గురించి అడగదు," అంది.

మర్నాడు నేను మిల్లుకు పోయేసరికి పాలీషు పక్కన స్టూలు లేదు. సావుకారు దాన్ని గచ్చు దగ్గర వేయించి, ఎండలో అలసిన ఆడవాళ్ళు కూర్చోవడానికి ఉంచారు. వాళ్ళు దాని మీద నీళ్ళ కుండ పెట్టుకున్నారు.

ఇది ఎన్నాళ్ళు సాగిందని అడుగుతారు. కొన్ని మంచి ఏళ్ళు సాగింది. ఒక ఏడు కాలువకు నీళ్ళు తక్కువై తవుడూ తక్కువ, వాటా చెయ్యి చాచిన శ్రమకే సరిపోయింది. ఒక ఏడు పండుగ పండుగలా జరిగింది. తర్వాత సావుకారు మిల్లు అమ్మేశారు. కొన్న ఆయన మా మాట విని, "అది పాత యజమాని ఇచ్చిన మాట, నాది కాదు," అన్నాడు. "మిల్లు ఉన్నన్నాళ్ళూ" అన్న మాట నిజానికి "నేనున్నన్నాళ్ళూ" అని అప్పుడు అర్థమైంది. వాటా ఆగిపోయింది. పెరిగిన కూలిని మాత్రం ఆయన కూడా తగ్గించలేకపోయాడు.

కాబట్టి మా వీధి కుర్రవాడికి నేను చెప్పింది ఇంతే. ఇల్లు గడవడానికి ఎంత కావాలో అంత జీతంగానే తీసుకో. అది పోగా, రాకపోయినా నవ్వుకోగలిగినంత మేరకు వాటా తీసుకో. ఇచ్చేవాడు ఎన్నాళ్ళు ఉంటాడో అడుగు. నీ పక్కన కూర్చుని పనిచేసేవాళ్ళకు కూడా ఉందా అని తప్పకుండా అడుగు. వాటా మనిషిని జాగ్రత్తపరుణ్ణి చేస్తుంది, అది మంచిదే. తన సంచి తప్ప మరొకటి కనపడకుండా కూడా చేస్తుంది.

నాకు బాగా గుర్తుండేది మాత్రం అందరికీ పంచిన ఆ మొదటి దసరా. సావుకారు ఒక్కొక్కరినీ పిలిచి చేతిలో పెడుతున్నారు. అక్క వంతు వచ్చింది. ఆమె చెయ్యి చాచలేదు.

"ఇది కూలి కాదు గదా?" అని అడిగింది.

"కాదమ్మా."

"అప్పు కాదు గదా? మళ్ల కూలిల పట్టుకుంటరా?"

"పట్టుకోను. నీ వాటా అమ్మా ఇది. నీ ఇష్టం."

అప్పుడు తీసుకుని కొంగున ముడి వేసుకుంది. ఆడవాళ్ళ వైపు తిరిగి ఏదో సైగ చేసింది. అందరూ మొహాలు కిందికి దించుకుని నవ్వుకున్నారు. ఏమిటో మాకు తెలియలేదు.

మరుసటి పొద్దున నేను ఇంజను స్టార్టు చేసి చూస్తే గచ్చు ఖాళీగా ఉంది. ఒక్క మనిషి లేదు. సావుకారు గేటు దాకా పోయి చూసి వచ్చారు. అంతలో మేస్త్రి నవ్వుతూ వచ్చాడు. ఆడవాళ్ళందరూ తలలో పూలు పెట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని, సింధనూరు బస్సెక్కారట. సినిమా చూసి, హోటల్లో దోసెలు తిని, సాయంత్రం వస్తారట. కూలి పైసలతో పోతే పిల్లలకు ఇంట్లో ఏం పెట్టాలని భయం, ఇది కూలి కాదు గనక భయం లేదని అక్క చెప్పి పోయిందట.

"వడ్లు ఎవరు ఆరబెడతారయ్యా?" అన్నారు సావుకారు.

"ఇయ్యాల ఎవరు ఆరబెట్టరు. అంటే తవుడు గూడ లేదు. మన ముగ్గురికి నుక్సానే," అన్నాడు మేస్త్రి.

సావుకారు కొంచెంసేపు ఖాళీ గచ్చును చూశారు. "ఇంజను ఆపెయ్ డ్రైవరూ," అన్నారు. ఆపేశాను. మిల్లు పెట్టినప్పటినుంచి పంట రోజుల్లో అంత నిశ్శబ్దం మేము వినలేదు. ముగ్గురం షెడ్డు నీడలో కూర్చున్నాం. సావుకారు ఇంటినుంచి టీ తెప్పించి, సింధనూరులో ఇప్పుడు ఏ సినిమా ఆడుతోందని నన్ను అడిగారు.